మూడు బిల్డింగుల మధ్య ఉమాకాంత్

కూర్చోవడానికి ఒక చోటు కావాలని ఏళ్ళ తరబడి కొట్లాడిన మనిషి, ఆ చోటు దొరికాక అక్కడ ఎందుకు ఉండలేకపోయాడు? ఉమాకాంత్ గురించి ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. నవలల్లో మనుషులు ఏ పని ఎందుకు చేశారో చివరికైనా తెలుస్తుంది. తెలియకపోతే రాసినవాళ్ళ మీద విసుక్కుంటాం. ఇక్కడ ఎవరి మీద విసుక్కోవాలో నాకు తోచదు.

ఒకసారి హిమాయత్‌నగర్‌లో చీరల దుకాణం ముందు అతని భార్య రచన కనిపిస్తే అడిగేశాను.

"నన్నడుగుతరేందక్కా! మీకు తెలుసేమో, ఎప్పుడన్న అడుగుదామని నేనే అనుకుంటున్న," అని నవ్వింది.

అప్పటికి అతను జిల్లాల్లో సహకార బ్యాంకుల ఆఫీసులకు కంప్యూటర్ లైన్లు కలిపే పనిలో చేరి ఊరూరా తిరుగుతున్నాడు. "ఆదివారం ఒక్కరోజు ఇంట్ల ఉంటడు. అప్పుడు గూడ నిలబడే ఉంటడు," అంది రచన. ఆమె మాటలో ఫిర్యాదు లేదు. వానాకాలం వాన పడుతుందని చెప్పినట్టు చెప్పింది.

నేను చిక్కడపల్లిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పుస్తకాల గది చూసేదాన్ని. పేరుకు లైబ్రరీ, నిజానికి మూడు బీరువాలు, ఒక బల్ల, రోడ్డు మీదికి ఒక కిటికీ. పక్కనే ల్యాబ్. పిల్లలు నోట్సుల కోసం తప్ప పుస్తకాల కోసం వచ్చేవాళ్ళు కాదు కాబట్టి నా చదువుకు అడ్డం ఉండేది కాదు. చిక్కడపల్లిలోనే పుట్టాను, అక్కడే పెరిగాను, ఉద్యోగమూ అక్కడే చేశాను. ఉన్నచోటు నుంచి కదలకుండా బతకడం నాకు చేతనయినంతగా ఇంకేదీ చేతకాదు. బహుశా అందుకే ఉమాకాంత్‌ను అంత శ్రద్ధగా చూశానేమో.

ఆ ఇన్‌స్టిట్యూట్ మొదట నారాయణగూడలో టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పే చోటు. మా యజమాని ప్రహ్లాద్ సార్ వాళ్ళ నాన్నగారు పెట్టింది. తొంభైల్లో టైపు మిషన్లు మూలకు చేరి కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు టైపు రోజుల్లోనే, పోటీ పరీక్షల పిల్లలంతా అశోక్‌నగర్ గదుల్లో ఉంటున్నారని అక్కడొక బ్రాంచి, సినిమాహాళ్ళ రద్దీ ఉంటుందని చిక్కడపల్లిలో ఒకటి తెరిచారు. కంప్యూటర్లు వచ్చాక మూడింటినీ టెలిఫోన్ల వాళ్ళ దగ్గర లైన్లు తీసుకుని కలిపారు. ప్రతి బిల్డింగులోనూ ఆ లైను వచ్చి చేరే చోట రూటర్ అని ఒక పెట్టె ఉండేది. అది గుమ్మం కాసే దర్వాను లాంటిది. బయటికి పోయేవాటినీ లోపలికి వచ్చేవాటినీ అడ్రస్ చూసి పంపుతుంది.

ఈ మూడు బిల్డింగులకూ కలిపి ఒకే మనిషి ఉమాకాంత్. అప్పటికి ముప్ఫై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవర్. లూనా మోపెడ్ మీద తిరిగేవాడు. అతని పని బయటివాళ్ళకు చెబితే నవ్వొస్తుంది: కంప్యూటర్లకు నంబర్లు వేయడం. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే ప్రతిదానికీ వేరే నంబరు కావాలి. దాన్నే అడ్రస్ అంటారు. ఆ నంబరు మొదటి భాగం ఏ బిల్డింగో చెబుతుంది, చివరి భాగం ఏ మిషనో చెబుతుంది. రెండు మిషన్లకు ఒకే నంబరు పడితే రెండూ మొరాయిస్తాయి. కొత్త మిషన్ వచ్చినా, పాతది బాగుచేయించి తెచ్చినా, ఏ పిల్లవాడో వేలు పెట్టి నంబరు మార్చినా ఉమాకాంత్ వచ్చి మళ్ళీ కొట్టాలి.

నారాయణగూడలో ఉన్నప్పుడు అశోక్‌నగర్ నుంచి ఫోను వచ్చేది. అశోక్‌నగర్ చేరేసరికి చిక్కడపల్లిలో ఏదో ఆగిపోయేది. మూడు చోట్లా అతనికి కుర్చీ లేదు. ఎక్కడికి వెళ్ళినా ఎవరో కూర్చుని ఉన్న మిషన్ ముందు వంగి, వాళ్ళ భుజం మీదుగా చేయి చాచి పనిచేసేవాడు.

అశోక్‌నగర్ బ్రాంచి చూసే రాజకుమారి నోరు పెద్దది, మనసు మంచిది. అతన్ని చూడగానే మొదలుపెట్టేది.

"వచ్చిండమ్మా నారదుడు! లోకసంచారం అయిందా స్వామీ?"

"మేడం, మీరు ఫోన్ చేసి ఇంక గంట గూడ కాలే."

"గంట కాలేదా? ఈడ పిల్లలు గడ్డాలు పెంచుతున్నరు. పోయి చూడు."

"అమ్మాయిలు గూడనా మేడం?"

"ముందు మిషన్ చూడు, తర్వాత పరాచికాలాడుదువు."

అతను నవ్వేవాడు కాని కాలు మాత్రం ఒకచోట నిలిచేది కాదు. మాట్లాడుతున్నంతసేపూ మడమ నేల మీద తాళం వేస్తూనే ఉండేది. ఇన్‌స్టిట్యూట్‌లో అతనిది టెంపరరీ ఉద్యోగం. ప్రతి ఏడూ ప్రహ్లాద్ సార్‌ను అడిగేవాడు: పర్మనెంట్ చెయ్యండి, నారాయణగూడలో ఒక గది ఇవ్వండి, ఒకచోట కూర్చుని మూడూ చూసుకుంటాను అని. "చూద్దాం లే ఉమాకాంత్," అనేవారు ఆయన. చూద్దాం అంటే ఏమిటో అందరికీ తెలుసు.

తొంభై ఏడులో దసరా వచ్చింది. మా ఇన్‌స్టిట్యూట్‌కు ఒక ఆచారం ఉండేది. ఏ కొమ్మ ఎంత దూరం పాకినా వేరు నారాయణగూడే కాబట్టి ఆయుధపూజ అక్కడే, అన్నిటికీ కలిపి ఒకేసారి చేయాలని ప్రహ్లాద్ సార్ నాన్నగారు పెట్టిన పద్ధతి. టైపు మిషన్ల కాలంలో మూడుచోట్ల మిషన్లూ ట్రాలీ ఆటోలో నారాయణగూడ హాలుకు వచ్చేవి. వరసగా పేర్చి, బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి, పంతులుగారితో హారతి ఇప్పించి, మర్నాడు తిరిగి పంపేవారు. కంప్యూటర్లు వచ్చాక కొన్నేళ్ళు మౌసులు మాత్రం తెచ్చి పూజ చేశారు. ఆ ఏడు వ్యాపారం కలిసివచ్చిందని ప్రహ్లాద్ సార్‌కు హుషారు ఎక్కువైంది. ఆయుధమంటే మొత్తం ఆయుధమే గాని పిడి ఒక్కటే కాదని, సీపీయూలన్నీ తెప్పించారు. ఉమాకాంత్ వద్దన్నాడు. "మిషన్లకు దుమ్ము పడుతది సార్" అన్నాడే గాని అసలు ప్రమాదం అప్పుడు అతనికీ తోచలేదు.

పూజ బ్రహ్మాండంగా జరిగింది. హాలు నిండా తెల్లటి డబ్బాలు, ప్రతిదానికీ నడినెత్తిన కుంకుమ. మర్నాడు వాచ్‌మన్ మాసయ్య దగ్గరుండి ఎక్కించి ఏ బ్రాంచికి ఎన్ని రావాలో అన్ని లెక్కగా పంపాడు.

లెక్క సరిపోయింది. మిషన్లు మాత్రం కలిసిపోయాయి.

సెలవులు అయ్యాక అశోక్‌నగర్ ల్యాబ్‌లో స్విచ్‌లు వేశారు. చిక్కడపల్లి నంబర్లున్న మిషన్లు సగం అక్కడే ఉన్నాయి. అవి ఇంకా చిక్కడపల్లిలోనే ఉన్నామనుకుంటున్నాయి. మా దగ్గర నారాయణగూడవీ, అశోక్‌నగర్‌వీ. ఏదీ దేనితోనూ మాట్లాడదు. పిల్లలు ఫీజులు వాపసు ఇవ్వమని మెట్ల మీద కూర్చున్నారు. ప్రహ్లాద్ సార్ అందరినీ నారాయణగూడకు పిలిపించారు.

"మాసయ్యా, ఏది ఏడికెళ్ళి వచ్చిందో చూస్కోవా నువ్వు?"

"గవన్ని ఒక్కతీర్గనే ఉన్నయి గద సార్," అన్నాడు మాసయ్య. పాలమూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఆ ఇన్‌స్టిట్యూట్‌నే కాస్తున్నవాడు. "టైపు మిషన్లప్పుడు గూడ గిట్లనే తెస్తిమి, గిట్లనే ఇస్తిమి. అవెన్నడు అలగలే."

ఎవరికో నవ్వొచ్చి దగ్గులోకి మార్చుకున్నారు. ప్రహ్లాద్ సార్ ఉమాకాంత్ వైపు తిరిగారు.

"మాసయ్య అన్నదాంట్ల తప్పేముంది చెప్పు? మిషన్ ఏడ పెట్టినా నడవాలె. నడుస్తదా, నడవదా?"

"నడిపియ్యొచ్చు సార్. నారాయణగూడ సర్వర్ల ఒక ప్రోగ్రాం పెడితె, ఏ మిషన్ లేచినా దానికి అదే అడ్రస్ ఇస్తది. చేతితోని కొట్టుడు ఉండదు."

"మరి ఇన్నొద్దులు ఎందుకు పెట్టలే?"

"మిమ్మల్ని అడిగిన సార్. చూద్దాం అన్నరు."

ప్రహ్లాద్ సార్ కోపం తగ్గించుకుని, "సరే. కొత్త బ్యాచులు మొదలయ్యేలోపల మూడు బిల్డింగులు గట్ల చేసి చూపించు. పర్మనెంట్ చేస్త, గది ఇస్త. కాలేదనుకో, బయట కంపెనీవాళ్ళకు అప్పజెప్త. నువ్వు వేరే చూస్కో," అన్నారు.

ఆ తర్వాతి వారాల్లో ఉమాకాంత్ నిలబడగా నేను చూడలేదు. తిరుగుతూనే ఉన్నాడు. ముందు మిషన్లన్నిటికీ చేత్తో నంబర్లు కొట్టి క్లాసులు నడిపించాడు. దాని మధ్య నారాయణగూడ సర్వర్‌లో ప్రోగ్రాం పెట్టాడు. అక్కడి మిషన్లకు ఇట్టే అడ్రస్‌లు వచ్చాయి. సంబరంగా చిక్కడపల్లికి వచ్చి ఒక మిషన్ వెలిగించాడు. రాలేదు. అశోక్‌నగర్‌లోనూ రాలేదు.

ఒక సాయంత్రం రచన తను పాఠాలు చెప్పే స్కూలు నుంచి నేరుగా నా గదికి వచ్చింది. చేతిలో అతని టిఫిన్ డబ్బా. పొద్దున ఇంట్లోనే మర్చిపోయాడట.

"ఏడున్నడక్కా?"

"ఇప్పటిదాంక ఈడనే ఉండె. అశోక్‌నగర్ పోయినట్టుండు."

"అశోక్‌నగర్ ఇంటి పక్కనే గద, ఇంటికి రాలే," అని బల్ల మీద డబ్బా పెట్టి కూర్చుంది. "ఇది కాకపోతె నౌకరీ పోతదంటున్నడు. ఇల్లు ఖాళీ చేసి మల్ల మా అమ్మోళ్ళింటికి అంబర్‌పేట్ పోవాలె. నాకు పోవుడు కష్టమేం కాదక్కా. ఆయనకే, మామగారింట్ల కూసునుడు సావుతోని సమానం." డబ్బా మూత బిగిస్తూ, "అసలు ఏడ కూసున్నా అంతే అనుకోండ్రి," అని తనే నవ్వింది.

ఉమాకాంత్‌కు ఇంగ్లీషు వచ్చు కాని లావుపాటి మాన్యువల్ చూస్తే పేజీలు తిప్పడమే తప్ప ఒక పేజీ మీద ఉండలేడు. అందుకని ఆ రోజుల్లో నా గదికి వచ్చి, "అక్కా, మీరు సదవండి, నేను వింట," అనేవాడు. నేను కూర్చుని చదివేదాన్ని, అతను కిటికీకీ బీరువాకూ మధ్య నడుస్తూ వినేవాడు. ముందు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ పుస్తకమైనా నాలుగుసార్లు చదివితే కొంత దారి ఇస్తుంది కదా, ఇది కూడా ఇచ్చింది.

నాకు తెలిసినంతలో సంగతి ఇది. మిషన్ లేవగానే దానికి తన నంబరు తెలియదు, సర్వర్ ఎక్కడుందో కూడా తెలియదు. అందుకని ఊరికే ఒక కేక వేస్తుంది: నేను వచ్చాను, నాకెవరైనా అడ్రస్ ఇవ్వండి అని. ఆ కేక బిల్డింగంతా వినిపిస్తుంది. గుమ్మం దగ్గరి రూటర్ మాత్రం కేకల్ని బయటికి పోనివ్వదు. పోనిస్తే ప్రతి బిల్డింగులోని గోలా మిగతావాటిలో నిండిపోతుంది. కనుక అశోక్‌నగర్ కేక అశోక్‌నగర్‌లోనే ఆరిపోతుంది. దానికి మందు కూడా మాన్యువల్‌లో ఉంది. కేక విని, దాన్ని సర్వర్ పేరున చేరవేసి, జవాబు తెచ్చి ఇచ్చే మధ్యవర్తిగా రూటర్‌నే పెట్టవచ్చు. మామూలుగా ఆ పని చేయదు. చేయమని దానికి ప్రత్యేకంగా చెప్పాలి.

"చెప్పిన గదక్కా," అన్నాడు ఉమాకాంత్. "మొన్ననే చెప్పిన. సర్వర్ నంబరు గూడ ఇచ్చిన. మల్ల ఏం పరేషానో సమజైతలేదు."

"ఏ రూటర్‌కు చెప్పినవ్?"

"నారాయణగూడ దానికి. సర్వర్ ఆడనే ఉంది గద, దాని పక్కనే."

నేను మాన్యువల్ మూసి కొంచెం ఆలోచించాను. మా గల్లీలో ఫోను మా ఇంట్లో ఒక్కటే ఉండేది. చుట్టుపక్కలవాళ్ళంతా పీపీ నంబరు అని అదే ఇచ్చుకునేవారు. ఎవరికి ఫోను వచ్చినా మా అమ్మ గోడ దగ్గరికి వెళ్ళి పిలిచేది. ఎవరికి అవసరం పడినా మా వాకిట్లోకి వచ్చి అడిగి చేయించుకునేవారు.

"ఉమాకాంత్, మా పక్కింటి లక్ష్మవ్వ వాళ్ళ కోడలు వాళ్ళ అమ్మోళ్ళకు కబురు పెట్టాలంటె మా ఇంటికొస్తది. మా ఇల్లు వాళ్ళ గల్లీల ఉంది గనుక వస్తది. మా ఫోను తీస్కపోయి వాళ్ళ అమ్మోళ్ళ ఊర్ల పెట్టిననుకో, ఆ పిల్ల ఏడికి రావాలె?"

లేచి నిలబడ్డాడు అని రాయాలి, కాని అతను కూర్చోలేదు. నడక మాత్రం ఆగింది. ఆ కొన్నిరోజుల్లో అతని మడమ తాళం వేయకపోవడం అదొక్కసారే చూశాను.

"కేకేసెటోని గల్లీల ఉండాలె," అన్నాడు. "థూ నా బతుకు! ఇచ్చెటోని పక్కన పెట్టిన." మాన్యువల్ తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

చిక్కడపల్లి రూటర్‌కు ఆ సాయంత్రమే చెప్పాడు, అశోక్‌నగర్‌కు మర్నాడు. మధ్యవర్తి ఊరికే కేక చేరవేయదు. నేను ఫలానా గల్లీ నుంచి అడుగుతున్నాను అని తన అడ్రస్ కూడా దాని మీద వేసి పంపుతుంది. అది చూసే సర్వర్ ఏ గల్లీకి ఆ గల్లీ నంబర్లలోంచి ఒకటి ఇస్తుంది. సర్వర్‌లో అన్ని గల్లీలకూ నంబర్లు వేరువేరుగా పెట్టడానికి అతనికి ఇంకో రోజు పట్టింది. అంతే.

ప్రహ్లాద్ సార్ తానే పరీక్ష పెట్టారు. చిక్కడపల్లిలో ఏదో ఒక మిషన్ వేలుతో చూపించి, మాసయ్య చేత ఆటోలో ఎక్కించి, వెనకాల తన కారులో మమ్మల్ని ఎక్కించుకుని అశోక్‌నగర్ వెళ్ళారు. మాసయ్య డబ్బాను ఒళ్ళో పెట్టుకుని పెళ్ళికూతురిని తెచ్చినట్టు దించాడు. తీగలు తగిలించి స్విచ్ వేశారు. అందరం తెర మీదికి వంగాం. ఉమాకాంత్ ఒక్కడే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"వచ్చిందిరా! మా అశోక్‌నగర్ నంబరే వచ్చింది!" అని రాజకుమారి చప్పట్లు కొట్టింది.

"ఇగ నేను ఏడ పడితె ఆడ ఇయ్యొచ్చా సార్?" అని మాసయ్య అడిగాడు.

ప్రహ్లాద్ సార్ అంతసేపు నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. కొత్త బ్యాచులు మొదలవకముందే ఉమాకాంత్ పర్మనెంట్ అయ్యాడు. నారాయణగూడలో సర్వర్ ఉన్న ఏసీ గదిని అతనికి ఇచ్చారు. రచన అందరికీ పుల్లారెడ్డి మిఠాయి పంచింది.

ఆ తర్వాతి రెండు మూడు నెలలే నాకు అంతుపట్టనివి. అంతా నడిచింది. ఏ మిషన్ ఎక్కడ లేచినా కేక వేసింది, జవాబు వచ్చింది. రోజూ పొద్దున నారాయణగూడ నుంచి నాకు ఫోను వచ్చేది.

"అక్కా, అన్ని నడుస్తున్నయా?"

"నడుస్తున్నయ్ ఉమాకాంత్."

"ఏదన్న తక్లీఫ్ ఉంటె చెప్పండి."

"ఏం లేదు."

"ప్రింటరు గూడ మంచిగుందా?"

"అన్ని మంచిగున్నయ్."

"సరే మరి." ఫోను పెట్టేవాడు కాదు. అటువైపు ఏసీ చప్పుడు వినిపిస్తూ ఉండేది. నేనే, "ఉంటా మరి," అనేదాన్ని. మధ్యాహ్నం మళ్ళీ చేసేవాడు.

ఒకరోజు కొన్ని పుస్తకాలు ఇవ్వడానికి అశోక్‌నగర్ వెళ్ళాను. నేనున్నప్పుడే అతను వచ్చాడు, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, ఎవరో పిలిచినట్టు గబగబా. రాజకుమారి ఆశ్చర్యపోయింది.

"ఏందయ్యా, నువ్వెందుకొచ్చినవ్? ఈడ ఎవరు పిలువలేదు గద."

"ఊరికెనే మేడం. చూసిపోదామని."

"చూసుడెందుకు, రాజాలెక్క ఏసీల కూసోక! నువ్వు రాకున్నా నడుస్తున్నది ఇప్పుడు. నీ పుణ్యమా అని నాకు నోరు చేసుకునే పని గూడ తప్పింది." ఆమె మనస్ఫూర్తిగా అంది. పక్కనున్న కుర్చీ లాగి, "కూసో, చాయ్ తెప్పిస్త," అంది.

అతను నవ్వాడు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ల్యాబ్ చుట్టూ చూశాడు. ప్రతి మిషన్ ముందూ ఎవరో ఉన్నారు. ఎవరూ తల ఎత్తలేదు. చాయ్ వచ్చేలోపల వెళ్ళిపోయాడు. "కొమ్ములొచ్చినయి పర్మనెంట్ అయినంక," అని రాజకుమారి గొణిగింది. నాకు మాత్రం అతని ముఖంలో గర్వం కనిపించలేదు. ఇంటి తాళంచెవి ఎక్కడో పడేసుకుని ఇంకా ఎవరితోనూ చెప్పనివాడి ముఖం అది.

ఆ ఉద్యోగం కావాలనే వదిలి వెళ్ళాడా? అతను అడిగింది కుర్చీనా, లేక అడగడమే అతనికి కావలసిందా? తను చేసిన పని తననే అక్కర్లేనివాణ్ణి చేసిందని బాధపడ్డాడా, లేక పని పూర్తయింది కనుక పెద్దగా ఆలోచించకుండానే కదిలాడా? ఏ జవాబు ఇచ్చుకున్నా ఒక రోజు నిలుస్తుంది, మర్నాటికి నిలవదు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం చివరిసారిగా చిక్కడపల్లికి వచ్చాడు. మాసయ్య ఆ రోజు మా బ్రాంచిలోనే ఉన్నాడు. "చాయ్ పెడుత సార్, కూసోండ్రి," అని వరండాలో స్టవ్ ముట్టించాడు. ఉమాకాంత్ ల్యాబ్‌లోకి వెళ్ళి ఖాళీగా ఉన్న ఒక మిషన్ ఆపి మళ్ళీ వెలిగించాడు. నంబరు వచ్చింది. ఇంకోసారి ఆపి వెలిగించాడు. మళ్ళీ వచ్చింది. అక్కడ కూర్చోవాల్సిన అమ్మాయి వచ్చి, "ఎక్స్‌క్యూజ్ మీ సార్," అంటే పక్కకు జరిగి నా గది గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం సదువుతున్నరక్కా?"

పుస్తకం పేరు చెప్పాను. వినలేదు. రోడ్డు మీద బస్సుల్ని చూస్తున్నాడు.

"రచన మంచిగుందా?"

"ఆఁ, మంచిగుంది."

ఒక కుర్రవాడు పుస్తకం వాపసు ఇవ్వడానికి వచ్చాడు. అట్ట చిరిగి ఉంది. ఎవరు చింపారని నేను, నాకు ఇచ్చినప్పుడే అట్లా ఉందని వాడు కాసేపు వాదించుకున్నాం. వాడు వెళ్ళాక తలెత్తితే గుమ్మంలో ఎవరూ లేరు. ల్యాబ్‌లోకి వెళ్ళి ఉంటాడనుకున్నాను. కిటికీలోంచి కింద లూనా స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది.

లేచి చూశాను. రోడ్డు అంచున రెండు కాళ్ళూ నేలకు ఆనించి, బస్సుల మధ్య సందు కోసం చూస్తున్నాడు. పైకి చూడలేదు. వెనక వరండాలో మాసయ్య, "సార్, చాయ్ అయింది," అంటున్నాడు. నారాయణగూడ వైపు పోతాడనుకుంటే, సందు దొరకగానే అటు క్రాస్‌రోడ్డు వైపు తిప్పి వెళ్ళిపోయాడు.